కోడికో చదరపు అడుగు

పశువైద్యురాలు: షెడ్డులో కోళ్లు వరసగా పడుతుంటే మీ కాళ్లు ముందు మందుల అలమర వైపు నడుస్తాయి బాబాయ్. నా అభ్యంతరం అక్కడే. ఈకోలి బాక్టీరియా ఎక్కడి నుంచో ఊడిపడేది కాదు. ఆరోగ్యంగా తిరుగుతున్న కోడి పేగులోనూ ఉంటుంది, ఊకలోనూ ఉంటుంది, నీళ్ల పైపు లోపలి జిగటలోనూ ఉంటుంది. మరి కొన్ని షెడ్లలోనే, కొన్ని బ్యాచుల్లోనే అది గాలి సంచుల్లోకీ కాలేయం మీది పొరలోకీ ఎందుకు ఎక్కుతోంది? కోడి అంతకు ముందే ఏదో అవస్థలో ఉంది కాబట్టి. ఆ అవస్థేమిటో పట్టించుకోకుండా మందు పోస్తే ఈ బ్యాచు గట్టెక్కుతుంది. వచ్చే బ్యాచుకి మళ్లీ అదే.

పెంపకందారు: ఐదువేల కోళ్ల షెడ్డులో పొద్దున పదిహేను పోయి, మధ్యాహ్నానికి నలభై పోతే, ఆ పూట మనసంతా మందు మీదే ఉంటుందమ్మాయ్. అవస్థ గురించి ఆలోచించడం మర్నాటి పని. అదలా ఉంచు. సంక్షేమం అని మీరంతా చెప్పే దాంట్లో సగం, చూసేవాళ్ల కళ్లకి హాయిగా ఉండే సంగతులే. కోడి ఆరుబయట తిరగాలి, మట్టి గీరాలి, గూట్లో పెట్టకూడదు. అలా తిరిగే కోడికి రోగాలు రావని ఎవరు చెప్పారు? మా అమ్మ పెరట్లో నాటుకోళ్లు పెంచింది. తెల్ల పారుడు వస్తే పిల్లల్లో సగం పోయేవి. కొక్కెర తెగులు వచ్చిన ఏడాది పుంజులు కూడా మిగల్లేదు.

పశువైద్యురాలు: కొక్కెర తెగులు వైరస్, దానికి టీకా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లను గోతుల్లో పూడ్పించిన బర్డ్ ఫ్లూ కూడా వైరస్సే. ఆ మార్చిలో మన నరసరావుపేట పసిపాపను పొట్టన పెట్టుకున్నదీ అదే. వాటి దారి వేరు. నేను మాట్లాడేది బాక్టీరియా గురించి, అందులోనూ కోడి బతికే తీరును బట్టి హెచ్చుతూ తగ్గుతూ ఉండే వాటి గురించి. గాలి సంగతే చూడండి. సంక్రాంతి ముందు నెల రోజులు తెల్లవారుజామున ఏ షెడ్డులోకి అడుగుపెట్టినా కళ్లు మండుతాయి. చలికని పరదాలు నేల దాకా దించేస్తారు. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని తడి ఊకలోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. గాలిలో అది పది లక్షల పాళ్లకు 25 పాళ్లు దాటితే, కోడి శ్వాసనాళం లోపల దుమ్మును ఎప్పటికప్పుడు పైకి తోసే సన్నని నూగు దెబ్బతింటుంది. ఆ నూగు పోయాక ఊక దుమ్ము మీదున్న ఈకోలి తిన్నగా గాలి సంచుల్లోకి దిగుతుంది. పోస్టుమార్టంలో కనబడే పసుపుపచ్చని మందపాటి పొర దాని పనే. మన కళ్లు మండించే గాలి కోడినీ మండిస్తుంది. ఇక్కడ కోడి సుఖమూ కోడి ఆరోగ్యమూ వేరువేరుగా లేవు బాబాయ్.

పెంపకందారు: గాలి విషయంలో నీతో వాదం లేదు. పరదాను కిందివైపు బిగించి పైన జానెడు సందు వదలాలని నాకూ తెలుసు. వదులుతాను కూడా. అయితే పిల్లలు వారం రోజులవి అయినప్పుడు ఆ సందులోంచి ఈదురుగాలి కొడితే, చలికి అన్నీ ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. అమ్మోనియా వారానికి చంపుతుంది, చలి ఆ రాత్రికే చంపుతుంది. రెండింటి మధ్య పరదా తాడు పట్టుకుని నిలబడేది నేను. ఇక ఊక. తెనాలి, బాపట్ల వైపు మిల్లుల నుంచి వచ్చే ఊక ఒకప్పుడు తీసుకుపోండి బాబూ అనేవాళ్లు. ఇప్పుడు ఇటుక బట్టీలూ బాయిలర్లూ దానికి పోటీ. తడిసిన ఊక ఎత్తి పారేసి కొత్తది వెయ్యమని చెప్పడం తేలికే. నేను చేసేది దాన్ని తిరగేసి సున్నం చల్లడం. అంతవరకే నా చేతిలో ఉంది.

పశువైద్యురాలు: మీ చేతిలో ఎంతవరకు ఉంది అన్న ప్రశ్నకు మళ్లీ వద్దాం, అసలు ప్రశ్న అదేనేమో. ముందు ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. పల్నాడులో, రెంటచింతల వైపు, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి ఎగరొప్పడమే దానికి ముఖ్యమైన దారి. ఒళ్లు చల్లబరుచుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, పేగుకు రక్తం తగ్గుతుంది. పేగు గోడలో కణాలను పట్టి ఉంచే అతుకులు వదులవుతాయి. అప్పటిదాకా పేగులో బుద్ధిగా ఉన్న సాల్మొనెల్లా, ఈకోలి ఆ సందుల్లోంచి రక్తంలోకి, అక్కడి నుంచి ప్లీహానికీ కాలేయానికీ పోతాయి. అంతే కాదు. ప్రాణం కంగారు పడితే ఒంట్లో పుట్టే నారడ్రినలిన్‌ను ఈ బాక్టీరియా పసిగట్టగలదు. అది దొరికితే వేగంగా పెరుగుతుంది. 1990ల నుంచి మార్క్ లైట్ అనే శాస్త్రవేత్త దీన్ని ఈకోలిలో చూపించాడు. తర్వాత కాంపైలోబాక్టర్ అనే ఇంకో బాక్టీరియాలోనూ తేలింది. కోడి భయపడితే ఆ కబురు దాని పేగులోని సూక్ష్మజీవికి అందుతుందన్న మాట. నన్నడిగితే ఈ మొత్తం శాస్త్రంలో ఇంతకంటే ఆలోచింపజేసే సంగతి లేదు.

పెంపకందారు: ఎండను నేను ఆపలేనుగా. కప్పు మీద కొబ్బరాకు పరుస్తాం, స్ప్రింక్లర్లు పెడతాం, ఫాగర్లు పెడతాం, మధ్యాహ్నం మేత ఎత్తేసి తెల్లారగట్ల వేస్తాం. ఫాగరు ఎక్కువసేపు తిప్పితే ఊక తడుస్తుంది, తడిస్తే నువ్వన్న అమ్మోనియా. కరెంటు పోతే అదీ లేదు. చుట్టూ మూసేసి ఫ్యాన్లూ తడి ప్యాడ్లూ పెట్టిన కొత్త రకం షెడ్డు కట్టమంటారు. దానికయ్యే అప్పు తీరాలంటే ఇప్పటికంటే ఎక్కువ కోళ్లు వెయ్యాలి.

పశువైద్యురాలు: లేదా వేసవి బ్యాచుకి తక్కువ వెయ్యాలి.

పెంపకందారు: ఎన్ని వెయ్యాలో చెప్పేది నేను కాదు. పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులు కంపెనీవి, చూసిపోయే సూపర్‌వైజరూ కంపెనీ మనిషే. నాది షెడ్డు, ఊక, కరెంటు, మా ఆలుమగలిద్దరి కష్టం. కిలోకి ఇంతని పెంపకం కూలి. మేత ఎక్కువ తిన్నా, చావులు పెరిగినా అందులో కోత. ఇన్ని వేల కోళ్లున్న జిల్లాల్లో తన సొంత కోడి పెంచే రైతు ఎంతమంది మిగిలారో నువ్వే చెప్పు.

పశువైద్యురాలు: ఆ కోడి గురించే మాట్లాడదాం అయితే. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి రకాన్నీ, 1978 నాటి రకాన్నీ, 2005 నాటి బ్రాయిలరునూ ఒకే మేతతో పక్కపక్కన పెంచారు. 56 రోజులకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202. మేత ఒకటే కాబట్టి ఈ తేడా అంతా జాతి ఎంపికది. ఇప్పుడు ఆ ఒంటిని మోసే కాళ్లను చూడండి. అర్కన్సా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వైడ్‌మన్ బృందం కుంటి కోళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. తొడ ఎముక తల దగ్గర ఇంకా గట్టిపడని ఎముక బరువుకు సన్నగా చిట్లుతుంది. పేగు నుంచో గాలి సంచుల నుంచో రక్తంలోకి జారిన స్టాఫైలోకాకస్, ఎంటరోకాకస్ ఆ చిట్లిన చోట స్థిరపడి ఎముకను కుళ్లబెడతాయి. మీరు కాళ్లు పడిపోయాయని పక్కకి తీసే కోళ్లలో చాలావాటికి జరిగేది ఇదే. ఇక్కడ బాక్టీరియా ఒక కారణం, బరువు ఒక కారణం. మందు మొదటిదాన్నే తాకుతుంది. ఎముక లోపలికి పోయాక దాన్నీ సరిగా తాకలేదు.

పెంపకందారు: నెమ్మదిగా పెరిగే కోడి పెంచమంటావు. ఆ కోడి కిలో మాంసం పెట్టడానికి ఎక్కువ మేత తింటుంది, ఎక్కువ రోజులు షెడ్డులో ఉంటుంది. మొక్కజొన్న, సోయా ధర తెలుసుగా. ఫిబ్రవరి, మార్చిలో మిరప కోతలకి ఎక్కడెక్కడి నుంచో కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద పాకలేసుకుంటారు. ఆదివారం వాళ్లకి మాంసం దొరుకుతోందంటే అది నా నలభై రోజుల కోడే. మా చిన్నప్పుడు పండక్కి, అల్లుడొస్తే కోడి. ఇప్పుడు రోజుకూలీ తినగలుగుతున్నాడు. ఇది చిన్న సంగతి కాదు. దీన్ని పక్కన పెట్టి కోడి సుఖం గురించి మాట్లాడితే నేను ఒప్పుకోను.

పశువైద్యురాలు: పక్కన పెట్టను. ఆ మాట నిజం, దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు.

పెంపకందారు: అయితే ఇంకో నిజం కూడా విను. ఆరుబయటి కోడే మంచిదనేవాళ్లకి నేను డెన్మార్కు లెక్క చెబుతుంటాను. 2001లో వాళ్లు అచ్చువేసిన అధ్యయనంలో, సేంద్రియ పద్ధతిలో బయట తిరిగే బ్రాయిలరు మందలన్నిటిలోనూ కాంపైలోబాక్టర్ ఉంది. మామూలు షెడ్ల మందల్లో 37 శాతంలోనే ఉంది. ఎందుకుండదు? బయట ఈగలు, కాకులు, గుంటల్లో నీళ్లు. ఆ డెన్మార్కులోనే షెడ్ల కిటికీలకి ఈగలు దూరని వలలు కడితే, వేసవిలో కాంపైలోబాక్టర్ ఉన్న మందలు 51 శాతం నుంచి 15 శాతానికి పడిపోయాయి. కోడికి స్వేచ్ఛ ఇచ్చి తగ్గించలేదు, మూసిపెట్టి తగ్గించారు. స్వీడన్‌లో 2001 నుంచి 2004 దాకా చచ్చిన గుడ్ల కోళ్లను కోసి చూస్తే, ఊక మీద పెరిగినవాటిలో, బయట తిరిగినవాటిలో ఈకోలి రోగాలు, ఎరిసిపెలాస్, ఒకదాన్నొకటి పొడుచుకు తినడం గూళ్లలోవాటికంటే ఎక్కువ. గూట్లో కోడి తన రెట్ట మీద తాను నిలబడదు. అందుకే కదా గూళ్లు వచ్చింది.

పశువైద్యురాలు: ఆ లెక్కలన్నీ సరైనవే. సంక్షేమం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది వీటిని దాటేస్తారు, అది తప్పు. బయటికి వదిలితే చాలు రోగం తగ్గుతుందని చెప్పేవాళ్ల పక్షాన నేను లేను. అయితే గూడు గెలిచిందని మీరు అనుకోకండి. 2004-05లో ఐరోపా సమాఖ్య దేశాల్లో పెద్ద లేయరు ఫారాలను, అంటే గుడ్ల కోళ్ల ఫారాలను, ఎంచి ఒకే పద్ధతిలో పరీక్షించారు. పదింటిలో మూడింట సాల్మొనెల్లా ఉంది. గూళ్ల ఫారాల్లో ఎక్కువగా ఉంది.

పెంపకందారు: గూళ్ల ఫారాలు పెద్దవి, పాతవి. అంతస్తులు అంతస్తులుగా ఉన్న ఇనుమును కడగడం కష్టం, ఎలుకలు చేరతాయి. ఎక్కువ ఉన్నది గూడు వల్లనా, మంద పెద్దదవడం వల్లనా?

పశువైద్యురాలు: రెండింటినీ విడదీసి చెప్పడం కష్టమని ఆ అధ్యయనం చేసినవాళ్లే అన్నారు. నా దగ్గర ఇంతకంటే గట్టి సాక్ష్యం వేరే ఉంది. అది గూడుదీ కాదు, బయటిదీ కాదు, ఆకలిది. గుడ్లు తగ్గిన పెట్టలకు మేత ఆపేసి, ఈకలు రాలగొట్టి, మళ్లీ గుడ్లకు తెచ్చే పద్ధతి ఉంది కదా, మోల్టింగ్ అంటారు. అమెరికాలో వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త పీటర్ హోల్ట్ 1990ల్లో అలా ఆకలితో ఉంచిన పెట్టలనూ, మేత తింటున్న పెట్టలనూ పక్కపక్కన పెట్టి సాల్మొనెల్లా ఎంటెరైటిడిస్ ఇచ్చి చూశాడు. మేత తింటున్న పెట్టకు రోగం అంటించడానికి వేల సంఖ్యలో బాక్టీరియా కావాలి. ఆకలితో ఉన్న పెట్టకు అందులో వందో వంతు, వెయ్యో వంతు చాలింది. పక్క గూట్లోని కోళ్లకూ త్వరగా పాకింది. అదే జాతి, అదే షెడ్డు, అదే బాక్టీరియా. మారింది ఆకలి ఒక్కటే. మన దేశంలో జంతు సంక్షేమ మండలి 2011లోనే మేత మాన్పించి మోల్టింగ్ చేయవద్దని చెప్పింది. జాలితో చెప్పిన మాట అనుకుంటాం. ఆ గుడ్డు తినే మనిషి కడుపుకు కూడా అది రక్షణే.

పెంపకందారు: మా బావమరిదికి లేయర్లున్నాయి. గుడ్డు ధర పడిపోయిన ఏడాది మేత ఆపకపోతే ఫారం ఆపాల్సి వస్తుందనేవాడు. ఇప్పుడు మేత పూర్తిగా ఆపకుండా తవుడు లాంటి తేలిక మేతతో చెయ్యొచ్చంటున్నారు. గుడ్లు తిరిగి రావడం కాస్త ఆలస్యమైనా అది నయం. ఇది నేను ఒప్పుకుంటాను. ఎందుకంటే ఖర్చు పెద్దగా లేదు. నీ జాబితాలో ఇలాంటివి ముందు పెట్టు. బ్రిటన్‌లో గుడ్ల సాల్మొనెల్లా గొడవ 1988లో ఎంత పెద్దదైంది! దాన్ని అణచింది ఏమిటి? 1990ల చివరి నుంచి పెట్టలకు టీకా, ఫారాల తనిఖీ. కోడికి చోటు పెంచి అణచలేదు. సూది వేసి అణచారు.

పశువైద్యురాలు: టీకా గొప్పదే. అయితే టీకా సాల్మొనెల్లాలో ఒకటి రెండు రకాలకి. ఈకోలి వందల రకాలు. కాంపైలోబాక్టర్‌కి మందలో వాడదగ్గ టీకా లేనే లేదు. పైగా కాంపైలోబాక్టర్ కోడికి హాని చెయ్యదు, తిన్న మనిషికే చేస్తుంది అని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. 2014లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగు రకాల బ్రాయిలర్ల మీద చూస్తే, కొన్ని రకాల్లో పేగు వాపు తగ్గకుండా సాగింది, పారుడు పట్టుకుంది. పారుడుతో ఊక తడిసింది, తడి ఊక మీద అరికాళ్లు పుండ్లు పడ్డాయి. బాక్టీరియా వల్ల కోడి అవస్థ, ఆ అవస్థ వల్ల మళ్లీ బాక్టీరియాకి దారి. కోడిది ఒక లెక్క, మనిషిది ఒక లెక్క అని విడగొట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఇంకొకటి చెబుతా, ఇది మీ అమ్మగారి పెరటి సంగతి. 1971లో ఫిన్లాండ్‌లో బ్రాయిలర్లకు సాల్మొనెల్లా ఇన్‌ఫాంటిస్ విపరీతంగా పాకింది. ఎస్కో నూర్మి, ఆయన సహచరుడు రంటాలా కారణం వెతికారు. యంత్రంలో పొదిగిన పిల్ల తల్లిని చూడదు, తల్లి రెట్టను ముక్కుతో తాకదు. దాని పేగు ఖాళీ ఇల్లు. మొదట వచ్చిన సూక్ష్మజీవి అక్కడ కాపురం పెడుతుంది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పేగులోని సరుకును ఒకరోజు వయసున్న పిల్లలకు తాగించారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా నిలవలేదు. 1973లో అచ్చయిన ఆ పరిశోధన నుంచే ఇవాళ మీరు నీళ్లలో కలిపే ప్రోబయాటిక్ పొట్లాలు వచ్చాయి. పెరట్లో పొదిగిన పిల్లకు తల్లి ఊరికే ఇచ్చేదాన్ని మనం తీసేసి, పొట్లం కట్టి అమ్ముకుంటున్నాం.

పెంపకందారు: పెరట్లో తల్లి తెల్ల పారుడు కూడా ఊరికే ఇచ్చేది. అది గుడ్డులోంచే పిల్లకి వచ్చే సాల్మొనెల్లా అని ఇదివరకు నువ్వే చెప్పావు. హేచరీలవాళ్లు తల్లి కోళ్లను రక్తపరీక్ష చేసి, రోగమున్నవాటిని ఏరేసి ఆ దారి మూశారు. రెండూ చెప్పు.

పశువైద్యురాలు: చెప్పాను అనుకోండి. హేచరీ ఒక దారి మూసి ఇంకో దారి తెరిచింది.

పెంపకందారు: సరే, మందుల దగ్గరికి వద్దాం, నువ్వు మొదలుపెట్టింది దాంతోనే. నేను కోళ్లకి రాకముందు పత్తి వేశాను. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు ఒక్క పిచికారీతో శనగపచ్చ పురుగు రాలిపోయేది. అందరం ఎగబడ్డాం. రెండు మూడేళ్లకి పురుగు చావడం మానేసింది. పురుగును తినే పురుగులన్నీ చచ్చి తెల్లదోమ చేలను కమ్మేసింది. పిచికారీ మీద పిచికారీ, అప్పు మీద అప్పు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పాఠం పుస్తకంలో చదివినవాణ్ని కాదు నేను. కాబట్టి మందు వాడకం మీద నాకు మోజు ఉందనుకోకు. ఎన్‌రోఫ్లాక్ససిన్ మూడు రోజులు పోస్తే ఆగే చావులు ఇప్పుడు ఐదు రోజులు పోసినా ఆగడం లేదు. అది నాకు కనబడుతూనే ఉంది.

పశువైద్యురాలు: మీరు ఆ పోలిక తెచ్చారు కాబట్టి నా పని తేలికైంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో 70 కోడి మాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయి. 2017లో పంజాబ్‌లో 18 ఫారాల నుంచి తెచ్చిన ఈకోలిని పరీక్షిస్తే, చాలా మందులకు లొంగనివి బ్రాయిలరు ఫారాల్లో 94 శాతం, లేయరు ఫారాల్లో 60 శాతం. మనుషులకు చివరి ఆశగా మిగిలిన కొలిస్టిన్‌ను కోళ్ల మేతలో కలుపుతున్నారని తేలాక 2019 జులైలో కేంద్రం నిషేధించింది. అసలు చిక్కు ఇది. తడి ఊకకీ, వేడికీ, ఇరుకుకీ, కోడి పెరిగే ఆ వేగానికీ మందు ఊతకర్ర. ఊతకర్ర ఉన్నంతకాలం కాలు ఎందుకు విరిగిందని ఎవరూ అడగరు. ఆ ఊతకర్ర ఇప్పుడు విరుగుతోంది. పైగా మన దగ్గర కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్లలో టెట్రాసైక్లిన్ కలిపితే సున్నం దాన్ని పట్టేసుకుంటుంది, కోడి ఒంటికి పట్టేది కొంతే. రోగం తగ్గదు, బాక్టీరియా మాత్రం ఆ మందుకు అలవాటు పడుతుంది.

పెంపకందారు: పత్తిలో మందు మానమన్నవాళ్లు మాకు బదులుగా ఏదో ఒకటి చూపించారు. లింగాకర్షక బుట్టలు, వేప కషాయం, తర్వాత బీటీ. కోళ్లలో మందు మానితే బదులేది? స్వీడన్ 1986లో, ఐరోపా మొత్తం 2006లో, పెరుగుదల కోసం మేతలో కలిపే యాంటీబయాటిక్‌లు ఆపాయంటారు. వాళ్ల షెడ్లు వేరు, వాళ్ల చలి వేరు, వాళ్ల ధర వేరు.

పశువైద్యురాలు: నిజమే, డెన్మార్కులో కోళ్ల రైతులు 1998లో తమంతట తాము ఆపినప్పుడు పేగు కుళ్లు రోగం విరుచుకుపడుతుందని భయపడ్డారు. పెద్దగా పడలేదు. అయితే రక్త పారుడును ఆపే అయనోఫోర్ మందులు మేతలో కొనసాగాయి, అవి పేగు కుళ్లును తెచ్చే బాక్టీరియానూ కొంత ఆపుతాయి. కాబట్టి అంతా సంక్షేమం వల్లే అయిందని నేను చెప్పను. నెదర్లాండ్స్‌లో నెమ్మదిగా పెరిగే రకాలకు మారిన ఫారాల్లో మాత్రం యాంటీబయాటిక్ వాడకం మామూలు ఫారాలకంటే చాలా తక్కువ. అక్కడ కోడి మారింది, చోటు కూడా కొంత మారింది.

బదులేది అన్నారు. మన మిరప కూడా బదుల్లో ఒకటి. 1990ల్లో టెక్సస్‌లో కోడిపిల్లల మేతలో కాప్సైసిన్ కలిపి చూస్తే సాల్మొనెల్లా ఎంటెరైటిడిస్ పేగు దాటి లోపలికి పోవడం తగ్గింది. కోడి నోటికి కారం తెలియదు, ఆ మంటను పట్టే గ్రాహకం పక్షుల్లో కాప్సైసిన్‌కు స్పందించే రకం కాదు. గుంటూరు యార్డులో తాలుకాయకు ఏ ధర వస్తుందో మీకు తెలుసు. దీన్ని మన దగ్గర, లాం వ్యవసాయ ఫారంలోనో గన్నవరం పశువైద్య కాలేజీలోనో, మన ఎండలో, మన ఊకతో పరీక్షించి చూడాలని నా కోరిక. అయితే ఇది కూడా పొట్లమే. ఇరుకు షెడ్డులో మిరప పొడి ఇంకో ఊతకర్ర అవుతుంది.

పెంపకందారు: మిరప మాట వచ్చింది గనక నా భయం ఒకటి చెబుతా. మా ఊక, రెట్ట అంతా మిరప చేలకే పోతుంది. ట్రాక్టరు ట్రాక్టరుకి రైతులు వరస కడతారు. ఆ ఎరువులో ఏముందో?

పశువైద్యురాలు: కుప్ప పోసి, తడిపి, తిరగేసి, లోపల వేడి పుట్టేదాకా మగ్గబెడితే సాల్మొనెల్లా చస్తుంది. పచ్చిగా చల్లితే నేలలో కొన్నాళ్లు బతుకుతుంది. ఎండినదాని మీదా బతకగలదు, అదే దాని మొండితనం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో విడుదల చేసిన నివేదికలో, దిగుమతి అయిన మసాలా సరుకుల్లో ఇంచుమించు 7 శాతంలో సాల్మొనెల్లా ఉందని రాసింది. మన కల్లాల్లో కాయ నేల మీద ఎండుతుంది. కుక్కలు, పిట్టలు, ఎలుకలు, దుమ్ము. అది కోడి ఎరువు వల్లే అని తేల్చి చెప్పడానికి ఆధారం లేదు, చెప్పను. కానీ షెడ్డులో తగ్గిన ప్రతి బాక్టీరియా చేలోకి పోయేది తగ్గినట్టే. కోడి సంగతి కోడితో ఆగదు.

పెంపకందారు: మళ్లీ చోటు దగ్గరికే వస్తావు.

పశువైద్యురాలు: వస్తాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే, జంతువు మెసలడానికి చోటు లేని బోనులో ఉంచడం నేరమని ఉంది. లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో గుడ్ల కోళ్లు, బ్రాయిలర్ల పెంపకం గురించే రాసింది. 2019 ముసాయిదా నిబంధనల్లో గూట్లో పెట్టకు 550 చదరపు సెంటీమీటర్లు అన్నారు. మీరు రోజూ చూసే ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు. కాగితమంత చోటు కూడా కాదు. దానికే ఎంత పోట్లాట! మీ బ్రాయిలరుకు చదరపు అడుగు. వేసవిలో అడుగుంబావు చెయ్యమంటున్నాను, అంతే. ఊక తడి తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, కాళ్ల పుండ్లు తగ్గుతాయి, మందు ఖర్చు తగ్గుతుంది.

పెంపకందారు: ఐదువేల అడుగుల షెడ్డులో అడుగుంబావు చొప్పున వేస్తే నాలుగువేల కోళ్లు. ఆ వెయ్యి కోళ్ల పెంపకం కూలి నాకు ఎవరిస్తారు? చావులు తగ్గితే, బరువు బాగుంటే కొంత తిరిగొస్తుందంటావు. ఎంత?

పశువైద్యురాలు: కొంత వస్తుంది. మొత్తం రాదు. వస్తుందని చెప్పి మీచేత చేయించను.

పెంపకందారు: అదీ మాట. ఇప్పటిదాకా నా షెడ్డుకి వచ్చి చోటు పెంచమన్నవాళ్లంతా లాభం కూడా పెరుగుతుందనే చెప్పారు. అందుకే ఎవరినీ నమ్మలేదు. కోడికి మేలైతే నాకూ మేలే అన్నది సగం దాకా నిజం. గాలి, నీళ్లు, ఊక, ఆకలి, ఇక్కడిదాకా నిజం. ఇక్కడిదాకా నువ్వు చెప్పింది నేను చేస్తాను, కొన్ని చేస్తూనే ఉన్నాను. చోటు, జాతి, రోజులు, ఇవి దాటాక కోడికి మేలైనది నాకు నష్టం. ఆ నష్టాన్ని కోడీ భరించలేదు, నేనూ భరించలేను. కంపెనీ కాగితంలో వేసవి బ్యాచుకి తక్కువ పిల్లలు, కోడికి ఎక్కువ కూలి అని రాయించు. నిబంధన ముందొచ్చి రేటు తర్వాతొస్తే షెడ్డు తలుపు మూస్తాను. అప్పుడు నా ఐదువేల కోళ్లు ఇంకెక్కడో, లక్ష కోళ్ల ఫారంలో పెరుగుతాయి. అది నీ సంక్షేమానికి మంచిదో కాదో నువ్వే చూసుకో.

పశువైద్యురాలు: రేటు ముందు, నిబంధన తర్వాత అంటే నిబంధన ఎన్నటికీ రాదు బాబాయ్. 1960 నుంచి చూస్తున్నాం. మందు పనిచెయ్యని ఈకోలి రేటు కుదిరేదాకా ఆగదు. ఇవాళ గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మూత్రంలో ఈకోలి సోకి మందుకు లొంగని ముసలమ్మ తన రోగం ఏ షెడ్డు నుంచి వచ్చిందో చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ పడదు. కోడి కిలో ధర చవక అంటున్నారే, ఆ చవకలో ఈ ఖర్చు లేదు.

పెంపకందారు: ఆ ముసలమ్మకి ఆసుపత్రి మందులు కూడా అవసరానికి మించి రాశారేమో. అంతా నా షెడ్డు మీద వెయ్యకు.

పశువైద్యురాలు: అంతా వెయ్యను. వాటా ఉందంటున్నాను. కొనేవాళ్లలో ఒకరి చేతిలో మాత్రం ధరా నిబంధనా రెండూ ఉన్నాయి. దేశంలో ఇంచుమించు ప్రతి ఐదు గుడ్లలో ఒకటి మన రాష్ట్రానిదే. బడి భోజనానికీ అంగన్‌వాడీలకీ ప్రభుత్వమే గుడ్లు కొంటుంది. ఆకలి మోల్టింగ్ చెయ్యని ఫారం, సాల్మొనెల్లా టీకా వేసిన పెట్టలు, ఏడాదికోసారి రెట్ట పరీక్ష. ఈ మూడు షరతులు ఆ కొనుగోలు కాగితంలో పెడితే, చట్టం కోసం ఎదురుచూడకుండా మీ బావమరిది లాంటివాళ్లు మారతారు. ధరా అందులోనే తేలుతుంది.

పెంపకందారు: టెండరు ఎవరికి పోతుందో తెలుసా? తక్కువ ధర వేసినవాడికి. షరతులు మూడు పెట్టి, తక్కువ ధర అనే నాలుగోదాన్ని అలాగే ఉంచితే, మొదటి మూడింటినీ కాగితం మీదే పూర్తిచేసేవాడు గెలుస్తాడు. నిజంగా చేసేవాడు ఓడిపోతాడు. ముందు ఆ నాలుగోదాన్ని మార్పించు. అది మారిన ఏడాది, నా దాంట్లో ఏం పోతుందో నేనే లెక్కేసి, వేసవి బ్యాచు నాలుగువేలకి దించి చూస్తాను.